పొట్టోడు, పొడుగోడు, తువ్వాలు కింద నా చెయ్యి

బాక్సింగ్‌లో దెబ్బలు తిన్నవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. బాక్సింగ్ గురించి మాట్లాడి మాత్రమే చిత్తుగా ఓడిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. అది కూడా ఎక్కడనుకున్నారు? కృష్ణగిరి మామిడి మండీలో, పిల్లనిచ్చే పెద్దమనిషి ఎదురుగా!

తొంభైల చివరి మాట. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. మా మెస్సులోకి అప్పుడే కేబుల్ టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున ఇడ్లీలు తింటూ బాక్సింగ్ చూసి చూసి వెల్టర్‌వెయిట్ నిపుణుణ్ణయిపోయాను. కంగారుపడకండి, వెల్టర్‌వెయిట్ అంటే అరవై ఏడు కిలోలు దాటనివాళ్ళ తరగతి. నన్ను టిఫిన్ క్యారియరుతో సహా తూచినా యాభై దాటేది కాదు. అయినా ఎవడి గుద్దు ఎక్కడ గురితప్పిందో నాకే తెలిసినట్టు మాట్లాడేవాణ్ణి. ఆ రోజుల్లో వాదమంతా ఇద్దరి మీద. పేర్లు నోరు తిరగవు కాబట్టి ఒకడు పొడుగోడు, ఇంకొకడు పొట్టోడు. నేను పొడుగోడి పార్టీ.

అలాంటి రోజుల్లో మా మేనమామ నంజుండప్ప ఒక సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు సుజాత. ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు ఇడ్లీ కూడా గొంతు దిగలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఎలాగా అని నిజంగానే బెంగపడ్డాను. ఆమె తండ్రి మునిరాజప్పది మామిడి మండీ. "సీజను, మండీ వదిలి రాలేను. పిల్లోణ్ణి ఈడికే పిల్చుకొని రా, ముందు నేను చూస్తా" అని కబురు పెట్టాడు.

బస్సులో మామ దారి పొడవునా నాకు పాఠం చెప్పాడు.

"రేయ్, ఆయప్ప ఏమన్నా అవునను. అంతే."

"తప్పు చెప్తే?"

"తప్పయినా అవునే! నువ్వు పొయ్యేది పిల్ల కోసరం, పరీక్షకు కాదు."

మండీలో మునిరాజప్ప తోతాపురి కుప్పల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భుజాన తువ్వాలు. మూలన బల్ల మీద టీవీ. అందులో, నా ఖర్మ కాకపోతే, బాక్సింగ్!

"ఏమప్పా, బాక్సింగు చూస్తావా?"

"అవును సార్."

"నాకూ అదే పిచ్చి. వెల్టర్‌వెయిట్‌లో ఆ పొట్టోణ్ణి మించినోడు యాడా లేడు. ఏమంటావు?"

మామ నా కాలు తొక్కాడు. మీరైతే ఏం చేసేవారు? బుద్ధున్న ఎవరైనా తలూపేవారు. నేను నవ్వాను.

"పొట్టోడా సార్? వాడు బాగా పరిగెత్తుతాడు. దాన్ని బాక్సింగ్ అనరు."

మామ కాలు తీసేశాడు. ఇక తొక్కి లాభం లేదనుకున్నాడు కాబోలు.

"మీ పొడుగోడు మాత్రం? మొన్న తాళ్ళకు ఆనుకొని ఎండేసిన పంచె మాదిరి యేలాడ్తా ఉండె!"

"అది ప్లాను సార్! ఎదుటివాణ్ణి దగ్గరికి రానిచ్చి, కనపడకుండా లోపలి నుంచి కొడతాడు."

"కనపడకుండానా? కండ్లుండేవాళ్ళకు కనపడదా?"

అదే సమయానికి బర్గూరు వైపు నుంచి వచ్చిన చిన్నక్క అనే రైతు కాయలకు బేరం మొదలయింది. అక్కడ ధర పైకి చెప్పరు. మండీ యజమాని చేతి మీద తువ్వాలు కప్పుకుంటాడు. వ్యాపారులు ఒక్కొక్కరే ఆ కిందికి చెయ్యి పోనిచ్చి ఆయన వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత ధర. మునిరాజప్ప ఒక చేత్తో బేరం నడుపుతూనే, నోటితో నన్ను కడిగేస్తున్నాడు. ఈ సంగతులేవీ నాకప్పుడు తెలియవు. నాకు తెలిసిందల్లా వెల్టర్‌వెయిట్!

"ఇట్ల సార్, ఇట్ల!" అని ఆ తువ్వాలు కిందికి నా చెయ్యి దూర్చి, ఆయన అయిదు వేళ్ళూ పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. "ఇప్పుడు కనపడిందా?"

టీవీలో గంట మోగింది. వ్యాపారులు ఒకరి మొహాలొకరు చూసుకుని పక్కకు తప్పుకున్నారు.

"ముగిసిపాయె," అన్నాడు మునిరాజప్ప. "చిన్నక్కా, నీ కాయలు ఈ హోసూరాయనకు పోయినాయి. అయిదు వేళ్ళు పట్టినాడు."

చిన్నక్క రెండు చేతులూ జోడించింది. "చల్లంగుండు నాయనా! ఈ సీజనులో మూడు వేళ్ళు దాటి ఎవరూ పట్టలే. దేవుడు మాదిరి వచ్చినావు."

"సార్, నేను... పొడుగోడు ఎట్ల కొడతాడో..." అని గొణిగాను.

మునిరాజప్ప చల్లగా అన్నాడు: "తెలియక పట్టినానంటే వదిలేస్తాము లేప్పా. అయితే ఆయమ్మకు నువ్వే చెప్పల్ల."

చిన్నక్క మొహం చూశాను. చెప్పలేకపోయాను. నాకు గొప్ప మనసుండి కాదు, ఆ నవ్వు ఆర్పేసి అక్కడ నిలబడే ధైర్యం లేక. "కాయలు టెంపోలోకి ఎత్తించండి" అన్నాను. పెళ్ళికని దాచుకున్నదంతా ఆ కుప్పలో కలిసిపోయింది. మామ ఒక గంప మీద కూలబడి తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత హోసూరులో నేను కనిపిస్తే జనం సందుల్లోకి తప్పుకునేవారు, మళ్ళీ కాయలు అంటగడతానని. ఫోర్‌మన్, వాచ్‌మన్, పాలవాడు, చివరికి కరెంటు లెక్క తీసుకునే ఆయన కూడా వద్దు మహాప్రభో అన్నారు. మా మెస్సులో పప్పులో మామిడికాయ, చారులో మామిడికాయ, మజ్జిగలో కూడా ఏదో ముక్క తగిలేది. ఇక సంబంధం సంగతంటారా, ఆశ వదిలేసుకున్నాను.

అంతలో మునిరాజప్ప నుంచి మామకు ఫోనొచ్చింది. "పిల్లోడు పట్టిన చెయ్యి వదలలే. అది చాలు. తెలివి మాత్రం లే. పర్వాలే, మా పాపకు ఇద్దరికీ సరిపడా ఉండాది. ముహూర్తం పెట్టుకుందాం."

పెళ్ళయ్యాక, ఊరగాయ జాడీలు సర్దుతున్న సుజాతను ఆగలేక అడిగాను. "నిజం చెప్పు, ఇద్దరిలో ఎవరు గొప్ప?"

"ఇంకెవరు, పొడుగోడే! మా ఇంట్లో అందరిదీ అదే మాట. అమ్మది, అన్నయ్యది, మండీ గుమస్తాది."

"మరి మీ నాయనకెవరూ చెప్పలేదా?"

"మాకేమన్నా తిక్కనా? చెప్పింది మీరొకరే. ఏమయిందో చూసినారు కదా!"

అందుచేత మిమ్మల్నందరినీ సాక్షులుగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. వెల్టర్‌వెయిట్‌లో ఎవరు గొప్ప అని ఇకమీదట నన్నెవరడిగినా, మా మామగారిని అడగమంటాను. ఆయన ఊళ్ళో లేకపోతే, తిరిగొచ్చేదాకా ఆగమంటాను.