పెట్టె లోపలి మైకు

మా చిన్నమామ మగ్గం వదిలేసి పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించేవాడు. ఆ పెట్టె లోపల బిగించడానికి ఎన్ని మైకులు తెచ్చినా నచ్చేవి కావు. మైకు పెట్టి, పైనుంచి గోటితో గీకేవాడు. ఆ చప్పుడు హారన్ స్పీకర్‌లో రాకపోతే పీకి పారేసేవాడు. "లోపల చీమ నడిస్తె సుత ఇనవడాలె" అనేవాడు.

మక్తల్ దగ్గర ఒక ఊళ్ళో, దొర గడి ముందుకు రాగానే పెళ్ళి ఊరేగింపు వాయిద్యాలు ఆపాలి. ఒక పెళ్ళిలో మామ ఆపలేదు. గడి మనుషులు కర్రలతో మీదపడ్డారు. పెట్టెను కౌగిలించుకుని కింద పడ్డాడు. మైకు తీగ మాత్రం తెగలేదు. ఎద్దుల బండి మీది హారన్‌లోంచి ఒక్కొక్క దెబ్బ, మామ మూలుగు, "సంపుర్రి వీన్ని!" అన్న అరుపు ఊరంతా మోగాయి. తలుపులు తెరుచుకున్నాయి. జనం బయటికొచ్చారు. తన గొంతు తనకే వినపడి, అరిచినవాడి కర్ర గాలిలోనే ఆగిపోయింది.

దవాఖానలో అత్త ఏడ్చింది. "పెట్టె పలిగిపోయిందయ్యా!"

మామ నెత్తురు ఉమ్మేశాడు.

"పెట్టె పోతే పోనియ్యె. మైకు భద్రంగ దాయి. గింత మంచిది మళ్ల దొరకదు."