అత్తగారిని ఎవరూ అడగని మాట

సహోదరీ సహోదరులారా, నిలబడే ఓపిక లేదు, కూర్చునే చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మా వారి ఉద్యోగం కర్నూలు నుంచి ఇక్కడికి మారితే నాంపల్లి స్టేషన్ వెనక అద్దె పోర్షన్‌లో దిగాం, మా అత్తగారూ మాతోనే వచ్చారు, ఊళ్లో సండే స్కూలు నడిపిన మనిషి, కీర్తనలన్నీ నోటికి వచ్చు, అలాంటావిడ కొన్నేళ్లకు నా పేరు మరిచిపోయారు, తర్వాత కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు?" అనడం మొదలుపెట్టారు! తిన్న కాసేపటికే అన్నం పెట్టలేదని వాకిట్లో నిలబడి ఏడ్చేవారు, బట్టలు తడుపుకునేవారు, ఉతికి ఆరేసేలోగా మళ్లీ తడిపేవారు. మా వారు ఆఫీసుకు వెళితే సాయంత్రం దాకా ఆవిడా నేనూ, అంతే. మందిరానికి రావడం కూడా మానేశాను. అయ్యో, ఆ అలసట ఏమని చెప్పను!

ఒకరోజు ఇంటి యజమానురాలు వచ్చి, "ముసలామె పొద్దంతా ఒర్లుతాంది, పక్కపోర్షనోళ్లు నా మీద పడుతున్రు. గిట్లయితే నడవదమ్మా, వేరే ఇల్లు చూసుకోన్రి" అంది. మా మరుదులిద్దరూ ఆవిణ్ణి వృద్ధాశ్రమంలో చేర్పిద్దామన్నారు.

ఆ వారంలోనే, నేను బట్టలు ఆరేస్తుండగా అత్తగారు గేటు తీసుకుని వెళ్లిపోయారు. అబిడ్స్ దాకా పరుగెత్తాను, దుకాణాలన్నీ వెతికాను, ఎండలో రోడ్డు పక్కన కూలబడి, "ప్రభువా, ఆవిణ్ణి చూపించు, ఒక్కదాన్నే మోయలేను తండ్రీ, ఎవరినైనా తోడు పంపించు" అని ఏడ్చాను. లేచి నాలుగడుగులు వేశానో లేదో, పెద్ద పోస్టాఫీసు మెట్ల మీద అత్తగారు! పక్కన కూర్చుని చెంగుతో విసురుతున్నది మన సంఘంలోని మార్తమ్మగారు!

మీకు తెలుసు, ఆమె దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాక ముసలివాళ్లున్న ఇళ్లకు వెళ్లి, వాళ్ల మాటా, వాళ్లను చూసుకునేవాళ్ల మాటా వింటుంది, వాళ్ల తరఫున మాట్లాడుతుంది. రిక్షాలో మమ్మల్ని ఇంటికి తెచ్చి, "గిది మొండితనం కాదు బిడ్డా, రోగం" అంది. ఆ మాటకే నాకు సగం భారం దిగింది.

ఆదివారం మరుదులనూ యజమానురాలినీ కూర్చోబెట్టింది. అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటే, "అవ్వ గురించి గింత మాట్లాడుతున్రు గని, అవ్వను ఎవరన్న అడిగిన్రా?" అంది. అత్తగారి చెయ్యి పట్టుకుని, "అవ్వా, నీకు ఏడ ఉండబుద్ధయితది?" అని అడిగింది.

అత్తగారు నావైపు చాలాసేపు చూశారు. "ఈ అమ్మాయెవరో నాకు తెలీదు. అన్నం చల్లార్చి పెడుతుంది. ఈమె దగ్గరే ఉంటాను."



మార్తమ్మగారు అంతటితో వదల్లేదు. "అవ్వ ఈమె దగ్గరుంటది, సరే. మరి ఈమె దగ్గర ఎవరుంటరు?"

తమ ఇళ్లలోవాళ్లను పంపిస్తామని మరుదులు ఒప్పుకున్నారు. ఆ నెల నుంచే తోటికోడళ్లు వంతుల వారీగా వస్తున్నారు. "రోగమని నాకెవరు చెప్పిన్రమ్మా? ఉండున్రి" అని యజమానురాలు లేచి వెళ్లింది. సంఘ స్త్రీలు మా ఇంట్లో అత్తగారి దగ్గర కూర్చుంటున్నారు కాబట్టే ఈ పూట నేనిక్కడున్నాను. దేవునికే మహిమ!

అత్తగారికి నయం కాలేదు, ఈ ఉదయం కూడా నన్ను ఎవరని అడిగారు. అలసట ఉంది, కానీ ఒంటరిగా లేను. మీలో ఎవరైనా పెద్దవాళ్లను చూసుకుంటూ నోరు మూసుకుని నలిగిపోతుంటే, ముందు ఆయనతో చెప్పుకోండి, ఆయన వింటాడు. ఆరాధన అయ్యాక మాతోనూ చెప్పండి. మేము మీ ఇంటికి వస్తాం.