అది జీడి నూనె కాదు

మా వ్యాను కింద నల్లటి నూనె కారుతోందని మొదట చూసింది నేను. అది ఇంజినాయిలు కాదని మూడు నెలలపాటు నాకు చెప్పని మగవాడు మా చుట్టుపక్కల లేడు. ఇప్పుడు తలచుకున్నా ఒళ్లు మండుతుంది.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. మా ఆయనకు రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు చేరి, పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం గిలగిల్లాడతాడు. ఒకసారి గాలివానకు చెట్లు కూలి దారి మూసుకుపోయినప్పుడు ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో నాకు తెలుసు. మళ్లీ చూసే ఓపిక నాకు లేదు. బస్సులో వెళ్లవచ్చు కదా అంటారు కొందరు. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచిన మనిషి బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడతాడా అని వాళ్లకు తోచదు. అందుకే ఉన్నదంతా ఊడ్చి ఆ పాత వ్యాను కొన్నాం. దాన్ని నడిపేది మా మరిది.

మేం కొనక ముందు ఆ బండి పలాసలో జీడిపిక్కల పెంకులు మోసేది. పప్పు తీశాక మిగిలిన పెంకుల్ని బస్తాలకెత్తి బట్టీలకు తోలేవారు. ఆ పెంకుల్లోని నూనె సంగతి మా ఉద్దానంలో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. చర్మానికి అంటితే కాలుతుంది, పొక్కుతుంది, తర్వాత నల్లబడి పొరలుగా ఊడుతుంది. అందుకని, మా బండి కింద నల్లటి చుక్క కనబడగానే మెకానిక్ నడుం వంచకుండానే తీర్పు చెప్పేశాడు.

"పెంకుల బండి కదమ్మా. ఫ్లోరు సందుల్లో జీడి నూనె పేరుకుపోయుంటాది. ఇంజిను ఏడికి కరిగి కారతంది. ఏటీ కాదు."

"మరి లోపల ఇంజినాయిలు తగ్గిపోతంది కదా," అన్నాను.

"పాత ఇంజినమ్మా. తాగుద్ది."

చూశారా తెలివి. కింద కారేది జీడి నూనె. లోపల తగ్గేది ఇంజిను తాగేస్తోంది. ఈ రెండిటినీ కలిపి ఒక్క నిమిషం ఆలోచించడానికి ఆ మహానుభావుడికి తీరిక లేదు. మా మరిది ఆయన మాటే వేదమన్నట్టు తల ఊపాడు. ఇంటికొచ్చే దారంతా "సెప్పాడు కదొదినా, సెప్పాడు కదా" అంటూనే ఉన్నాడు.

వేడి పొగగొట్టం మీద ఆ నూనె పడి పొగ వచ్చేది. ఆ మాడు కంపు బండిలోకి కొట్టేది. డయాలసిస్ అయ్యాక మా ఆయనకు మామూలుగానే కడుపులో తిప్పుతుంది. ఆ కంపుకు తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చునేవాడు. ఒకరోజు పూండి దాటుతుండగా డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగింది. మరిది బండి ఆపి, సీటు కింద డబ్బాలో ఉన్న ఇంజినాయిలు పోసి మళ్లీ నడిపాడు. ఆయిలు పూర్తిగా అయిపోతే ఏమవుతుందని అడిగాను.

"ఇంజిను పట్టేత్తాది," అన్నాడు, అదేదో వర్షం పడుతుందన్నంత తేలిగ్గా.

ఇంజిను పట్టేసి దారిలో ఆగిపోతే వెనక సీట్లో ఉన్న మనిషి ఏమైపోవాలి? ఆ మాట గట్టిగానే అడిగాను. మా ఆయన వెనకనుంచి "ఊరుకోవే" అన్నాడు. నేను ఊరుకోలేదు.

జీడిపిక్కలు కొట్టే చోట నేను పదేళ్లు పనిచేశాను. నా వేళ్ల చివర్లు ఇప్పటికీ నలుపే. జీడి నూనె ఎలా ఉంటుందో నాకు మెకానిక్ చెప్పాలా? ఇంటికి రాగానే బండి కింద నుంచి ఒక చుక్క వేలితో తీసి ఎడమ ముంజేతి మీద రాశాను. తెల్లారేదాకా కడగలేదు. కాలలేదు, దురద కూడా పెట్టలేదు. మరిదిని పిలిచి చూపించాను.

"నీ సెయ్యి అలవాటైపోయుంటాది," అన్నాడు.

నాకు వచ్చిన కోపానికి, పొయ్యిలోకి తెచ్చుకున్న పెంకుల బస్తాలోంచి ఒక పచ్చి పెంకు తీసి, నలిపి, దాని నూనె కుడి ముంజేతి మీద రుద్దాను. మా ఆయన అరుగు మీద కూర్చుని, "పిచ్చా నీకు, ఏటి సేత్తన్నావు?" అన్నాడు. సాయంత్రానికి మంట మొదలైంది. మర్నాటికి రూపాయి బిళ్లంత పొక్కు తేలింది. అప్పుడు రెండు చేతులూ మరిది ముఖం ముందు చాపాను. "ఇది జీడి నూనె. ఇది నీ బండి కింద కారేది. ఇప్పుడు సెప్పు."

అతను రెండు చేతులూ మార్చి మార్చి చూశాడు. "అయితే ఇంజినాయిలే," అన్నాడు. నెమ్మదిగా అన్నాడు గాని, ఒప్పుకున్నాడు. కొబ్బరినూనె రాసినా ఆ మచ్చ పోవడానికి చాలా రోజులు పట్టింది. అయితేనేం, మచ్చ పడ్డందుకు నాకు చింత లేదు.

కారుతున్నది ఇంజినాయిలే అని తేలాక, ఎక్కణ్నుంచి కారుతోందో కనిపెట్టాలి. మా వ్యానుకు ఇంజిను ముందు సీటు కిందే ఉంటుంది. సీటు ఎత్తితే మట్టీ జిడ్డూ కలిసి గడ్డకట్టిన ఇనుప ముద్ద. అందులో ఏ చుక్క ఎక్కడిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. డీజిల్‌లో పాత పళ్ల బ్రష్షు ముంచి పొద్దంతా తోమాను. మరిది కింద దూరి అడుగుభాగం తుడిచాడు. గుడ్డలతో పొడిగా ఒత్తి, ఆరనిచ్చి, ఇంజినంతా నా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. బట్టల మీది నూనె మరకపై పౌడరు చల్లితే అది పీల్చుకుని రంగు మారుతుంది కదా, ఇనుము మీద మాత్రం ఎందుకు మారదనుకున్నాను. మా ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు, అందుకని ఇంకో గుప్పెడు చల్లాను.

బండి స్టార్టు చేసి పావుగంట ఉంచాం. ఫోను లైటు వేసి చూశాను. అంతా తెల్లగానే ఉంది, ఒక్కచోట తప్ప. ఇంజిను పైన ట్యాపెట్ కవరని ఒక మూత ఉంటుంది. ఆ మూత వెనక మూల కింద పౌడరు తడిసి బూడిద రంగుకు తిరిగింది. అక్కణ్నుంచి సన్నటి గీత పక్కగా దిగి, గొట్టం మీదుగా అడుగుకు పోతోంది. కారడం పైన, చుక్క పడడం కింద. ఇన్నాళ్లూ అందరూ నేల మీద చుక్కే చూశారు, అదీ నిలబడి చూశారు.

తర్వాతి విడతకు పలాస వెళ్లినప్పుడు, ఆయన మిషను మీద ఉండగా స్పేరు పార్టుల కొట్టుకు వెళ్లి ఆ మూత కింద వేసే రబ్బరు ప్యాకింగ్ కొన్నాను. మర్నాడు ఇంజిను చల్లగా ఉన్నప్పుడే మరిది బోల్టులు విప్పాడు. మూత లేపితే పాత ప్యాకింగ్ ఎండిన చింతపండు ఈనెలా పుటుక్కున ముక్కలైంది. వెనక మూల మాత్రం విరగలేదు. ఎందుకంటే అక్కడ ఎవరో నల్లటి గమ్ము దట్టించి ఉన్నారు. అంటే మాకంటే ముందే ఎవడో ఒకడు ఈ మూల చూశాడు. చూసి, పది నిమిషాల పని చెయ్యడానికి బద్ధకించి, గమ్ము పూసి మూసేశాడు. వాడెవడో నాకు తెలియదు. తెలిసి ఉంటే వాడి ఇంటికి వెళ్లేదాన్ని.

గమ్మంతా గోకి, అంచులు తుడిచి, కొత్తది పరిచాం. బోల్టులన్నీ ఒక్కసారే బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పమని మరిదికి చెప్పాను. ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరిచాను. తెల్లారి చూస్తే శుభ్రంగా ఉంది. వారం తర్వాత కూడా శుభ్రంగానే ఉంది. ఇంజిన్లో ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే, మట్టం పై గీత దగ్గరే ఉంది.

పోనీ ఇక ప్రాణానికి హాయి అనుకున్న రోజునే, బండి కింద నుంచి బయటికి జరుగుతున్న మరిది పాదాలు చూశాను. చెప్పులు తీసేశాడు. పట్టీ ఉన్నచోట అచ్చు లోతుగా దిగి ఉంది. వేలితో నొక్కాను. గుంట పడింది, పైకి రాలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"నిలబడితే మామూలేనొదినా. మనూర్లో ఎవలికి లేదు?"

మా ఆయనకు పాదాలు వాచినప్పుడు కూడా ఇదే మాట. ఆయన అన్నాడు, ఊరంతా అంది, నేనూ అన్నాను. వేడి చేసిందని మజ్జిగ పోశాను. కొబ్బరితోటలో తిరుగుడు ఎక్కువైందన్నాను. మా వైపు అందరికీ ఉన్నదే అని ఏడాది గడిపేశాం. ఆసుపత్రికి వెళ్లేసరికి డాక్టరు చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మెకానిక్‌ని ఇన్ని తిట్లు తిట్టాను గాని, నేను చేసినదేమిటి? నేనూ వంగి చూడలేదు.

ఆ మర్నాడే పలాస విడత. మా ఆయన్ను లోపల మంచం మీద పడుకోబెట్టి, మరిది బయటికి వెళ్లబోతుంటే బండి తాళం లాక్కున్నాను. కిడ్నీ పరీక్షకు రక్తం ఇస్తే గాని తాళం ఇవ్వనన్నాను. అతను నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, "నాకేటీ లేదొదినా, సిగ్గు తీత్తన్నావు," అన్నాడు. నలుగురూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. చివరికి కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సూది దిగుతుంటే ముఖం తిప్పుకున్నాడు.

మా ఆయన గొట్టాలున్న చెయ్యి కదపకుండా, మంచం మీద నుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. నేను పక్కకు వచ్చి కూర్చున్నాక మెల్లిగా అన్నాడు:

"ఆయేల నన్నూ ఇలాగే లాక్కొచ్చీసుంటే బాగున్ను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం, ఇన్నాళ్లుగా అందరి మీదా చూపించిన కోపం ఒక్కసారిగా నా దగ్గరికే వచ్చి కూర్చుంది.