గౌరయ్య అనుమానం ఫొటో

మేడ్చల్‌లో ఫొటోలు తీసే గౌరయ్యకు దేనిమీదా నమ్మకం లేదు. షామీర్‌పేట బస్సెక్కాలంటే ముందు బోర్డు చదువుతాడు, తర్వాత కండక్టర్ను అడుగుతాడు, సీట్లో కూర్చున్నాక పక్కాయన్ను కూడా అడుగుతాడు. స్టూడియోకు బోర్డు రాయించినప్పుడు దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చదివించాడు. అందరూ "గౌరయ్య" అనే చదివారు. అందరూ ఒకే మాట చెప్పారంటే ముందే కూడబలుక్కున్నారేమోనని వారం రోజులు ఆయనకు నిద్ర లేదు.

ఇలాంటి మనిషితో ఐలమ్మ కాపురం. ఆవిడ వడ్డించిన పప్పును వాసన చూసిగానీ కలపడు.

"ఏందయ్యా, విషం వెట్టిన్ననుకున్నవా?"

"కాదే, ఉప్పేసినవో లేదోనని."

వాసనలో ఉప్పు ఎలా తెలుస్తుందో ఆవిడకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తొంభై ఎనిమిదిలో ఈ అనుమానాల పుట్ట చేతికి కొత్త కెమెరా వచ్చింది. టెంట్‌హౌస్ అల్లావుద్దీన్ తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చాడు. దాని ఫ్లాషు కెమెరా నెత్తిన కూర్చోదు. స్ప్రింగులాంటి వైరు చివర ఉంటుంది, ఎటు కావాలంటే అటు పట్టుకోవచ్చు.

"లెన్సులకెల్లి లోపటికొచ్చే వెలుతురును మిషనే జూస్తది భాయ్. సరిపోంగనే ఫ్లాషును బంద్ జేస్తది. నువ్వు పరేషాన్ గావొద్దు," అన్నాడు అల్లావుద్దీన్.

"సరిపోయిందని దానికెవలు జెప్పిన్రు?"

"అదే సమజ్ జేసుకుంటది."

"గదే గదా నా అనుమానం!"

ఫ్లాషు పట్టుకునే పని ఐలమ్మ మీద పడింది. బయటివాళ్ళ చేతికిస్తే పట్టుకుపోతారని ఆయన భయం. వైరేమో పొట్టిది. ఆయన వెనక్కి జరిగితే ఆవిడా వెంట ఉరకాలి. పెళ్ళిలో కొంగుముడితో రెండు జంటలు తిరుగుతున్నాయని జనం నవ్వేవాళ్ళు. అది చాలదన్నట్టు, ప్రతి పెళ్ళిలో నడిమధ్యన ఆయనకు మిషన్ మీద అనుమానం వచ్చేది. పెళ్ళికొడుకును పీటల మీదే వదిలేసి, ఏ మూలనో గిన్నెలు తోమే ముసలమ్మను నిలబెట్టి "అనుమానం ఫొటో" తీసేవాడు. అత్వెల్లి పెళ్ళిలో అయితే డోలు కొట్టేవాణ్ణి ఆపి తీశాడు. రీలు దండగ అని ఐలమ్మ పళ్ళు కొరికేది.

షామీర్‌పేటలో ప్రణీత పెళ్ళి. ముహూర్తానికి ఇంకా కాస్త టైముంది. పెళ్ళికూతురు ఐలమ్మ చెయ్యి పట్టుకుంది.

"సిన్నమ్మా, నా పక్కన మా అమ్మది ఒక్క ఫోటో గావాలె. బాపు పోయినకాన్నుంచి ఫోటో అంటెనే దూరం ఉరుకుతాంది. తను నిలబడితే శుభం గాదంట. రేపు నేను అత్తగారింటికి పోయినంక సూసుకుందామంటే నా దగ్గర ఏముంటది?"

ఐలమ్మ పోయి మొగుడి చెవిలో వేసింది.

"సాటుంగ తీసుడు తప్పు. పిలిస్తే ఆమె రాదు," అన్నాడు గౌరయ్య. కాసేపు కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "నాకు గీ మిషన్ మీద అనుమానమొస్తాంది," అన్నాడు.

ఐలమ్మకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల ఏడుపు పిల్లదైతే ఈయన గోల ఈయనది! తిట్టేలోపే వైరు లాగింది. ఆయన వంటల వైపు నడుస్తున్నాడు. అక్కడ బియ్యం బస్తాల చాటున ప్రణీత తల్లి లక్ష్మమ్మ తెల్ల నేతచీరలో నిలబడి ఉంది. గౌరయ్య చొక్కా సర్దుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. ఈసారి అనుమానం ఐలమ్మకు వచ్చింది.

"అక్కా, మస్తు కష్టమొచ్చింది," అన్నాడు గౌరయ్య. "గీ మిషన్ తెల్లది జూస్తే మోసపోతది. వెలుతురు సరిపోయిందనుకొని ఫ్లాషును జల్దీ బంద్ జేస్తది. మొకాలన్ని మసకగొస్తయి. పెండ్లిపిలగానివన్ని తెల్లబట్టలాయె. ఫోటోలు ఖరాబైతే నా ఇజ్జత్ పోతది. నీ సీరె తెల్లగున్నది, జర నిలబడు."

"నాకు ఫోటో వద్దు తమ్మీ."

"ఫోటో ఎవలు తీస్తున్నరు? ఇది పరీక్ష. శుభం, అశుభం ఫోటోకుంటయి గాని, పరీక్షకుంటయా?"

లక్ష్మమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "వట్టి పరీక్షనే గదా?"

"వట్టిదే. గాకపోతే తెలుపు పక్కపొంటి ఎరుపుంటెనే సంగతి తెలుస్తది. ఎర్రసీరె ఎవలన్న ఉన్నరా?" అని చుట్టూ చూశాడు. కూరగాయలు తరిగేవాళ్ళలో సగం మంది ఎర్రచీరల్లోనే ఉన్నారు. ఒక్కరూ ఆయన కంటికి ఆనలేదు. "ఎవ్వలు లేరాయె. పెండ్లిపిల్లను పిలువుండ్రి!"

ప్రణీత పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉరికొచ్చి తల్లిని ఆనుకుని నిలబడింది.

ఐలమ్మకు అప్పటికిగానీ వెలగలేదు. గిన్నెలు తోమే అవ్వ, డోలు కొట్టే ఆయన, ఫొటోకు రమ్మంటే వాళ్ళలో ఒక్కరైనా వచ్చేవాళ్ళా? ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎన్నెన్ని మాటలన్నది! మొగుడి మీద పొంగుకొచ్చిన ప్రేమకు ఆవిడకే సిగ్గేసింది.

"ఏందయ్యా, నీకు నిజంగ మిషన్ మీదనే అనుమానమా?" అని మెల్లగా అడిగింది.

"ఊకో. ఫ్లాషు జర మీదికి పట్టు."

తెలుపును చూసి మిషన్ మోసపోకుండా ఫ్లాషు మీట ఒక్క మెట్టు పెంచాడు. లక్ష్మమ్మ చెయ్యి దానంతటదే పోయి బిడ్డ చెంప మీద ఆగింది. ఫ్లాషు వెలిగింది.

"అయిపోయిందక్కా. మిషన్ మంచిగనే ఉన్నది," అని గౌరయ్య వెనక్కి తిరిగాడు.

"తమ్మీ, ఆగు."

లక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. చెదిరిన వెంట్రుకలు చెవి వెనక్కి దోపుకుని, కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసి నిటారుగా నిలబడింది.

"నేను కండ్లు మూసిన్నేమో. గా పరీక్ష ఇంకోపారి జెయ్యి."