థెల్మా తిరిగి కట్టిన నిప్పుగూడు

థెల్మా ప్రీస్ ముప్పై ఒక్క ఏళ్లు బ్రిమ్‌ఫోల్డ్ ఊళ్లో ఉత్తరాలు పంచింది. వానైనా మంచైనా తెల్లారేసరికి సంచీ భుజాన వేసుకుని చర్చి దగ్గర మొదలుపెట్టేది. గొర్రెల దొడ్లు దాటుకుంటూ కొండ మీద చిట్టచివరి పాలవాళ్ల ఇంటిదాకా నడిచేది. అరవై మూడో ఏట, మార్చి నెలలో ఉద్యోగం మానేసింది. మానేసిన సంగతి ఆమె కాళ్లకు మాత్రం ఎక్కలేదు. ఐదింటికే మెలకువ వచ్చేసేది. ఐదున్నరకల్లా బూట్లు తొడిగేసుకునేది. ఆ పైన ఎక్కడికి వెళ్లాలో తోచక వంటగదిలోనే పచార్లు చేసేది.

మే నెలలో కర్టెన్లు మార్చింది. జూన్‌లో వంటగదికి పసుపు రంగు వేసింది. జూలైలో అది కంట్లో పొడుస్తున్నట్టుందని నీలం వేసింది. మెట్ల మీది తివాచీ పీకేసింది. సెప్టెంబరు వచ్చేసరికి ఆ చిన్న పాత ఇంట్లో ఆమె చెయ్యి పడని చోటంటూ మిగల్లేదు, ఒక్కటి తప్ప. ముందు గదిలో చలిమంట వేసుకునే నిప్పుగూడు.

అది నేల నుంచి పైకప్పు దూలం దాకా ముదురెరుపు ఇటుకల కట్టడం. మీద పూత లేదు, రంగు లేదు. ఇటుకల సందుల్లో సిమెంటు నల్లబడిపోయింది. ఎడమ పక్కన మూడో వరస నుంచి పొట్ట వచ్చినట్టు ముందుకు ఉబ్బి ఉంటుంది. చేత్తో తుడిస్తే ఎర్ర పొడి రాలుతుంది. అదంటే థెల్మాకు మొదటినుంచీ గిట్టదు. కానీ కట్టింది భర్త డెస్మండ్. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో నిటారుగా నిలబడ్డ గోడ ఏది చూపించినా అది డెస్ కట్టిందే అంటారు. అలాంటి మనిషి సొంతింట్లో కట్టినదాన్ని బాగాలేదని ఏ నోటితో అంటుంది? ఇప్పుడైతే కీళ్లవాతంతో అతని వేళ్లు కొంకర్లు పోయాయి. తాపీ పట్టి తొమ్మిదేళ్లయింది.

అక్టోబరులో డెస్ అక్క రోజలిండ్ టీకి వచ్చింది. కోటు కూడా విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఇంకా ఈ గుహలోనే ఉంటున్నారా మీరిద్దరూ? ఆ ఇటుకలకి తెల్ల రంగు కొట్టెయ్ థెల్మా. మా ఇంట్లో కొట్టించాక గది రెండింతలైనట్టుంది."

"డెస్ కట్టింది కదా."

"కడితే? వాడేమన్నా రాజుగారి కోట కట్టాడా?"

డెస్ తన కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చుని కేకు తింటున్నాడు. అక్క వెళ్లిపోయాక థెల్మా అతన్నే అడిగింది.

"నువ్వేమంటావు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం సంగతి కాదు. నీకేమనిపిస్తోంది?"

"అనిపించడానికేముంది? గోడ."

ఆ "నీ ఇష్టం" ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. వద్దంటే పోట్లాడొచ్చు. సరే అంటే పని మొదలుపెట్టొచ్చు. ఇది రెండూ కాదు. వారం రోజులపాటు వచ్చిపోయేవాళ్లందర్నీ అడిగింది. రొట్టెలమ్మే ఆమె సున్నం పూత పూయించమంది. పక్కింటాయన అలాంటి ఇటుక ఈ రోజుల్లో దొరకదు, ముట్టుకోవద్దన్నాడు. ఎవరేం చెప్పినా ఆ పూటకి అదే సరైనదనిపించేది. మర్నాటికి మళ్లీ మొదటికొచ్చేది.

చివరికొక పొద్దున, డెస్ కూరగాయల మడికి వెళ్లిన సమయం చూసి తెల్ల రంగు డబ్బా తెరిచింది. కింది వరసలో ఐదు ఇటుకలకు పూసింది. ఆరోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ ఐదూ చిగుళ్లలో పళ్లలా కనిపించాయి. తుడవబోతే ఇంకా అలుక్కుపోయింది.

మధ్యాహ్నం డెస్ వచ్చాడు. చూశాడు. చేతులు కడుక్కుని, సూప్ తాగి, రొట్టె ముక్కతో గిన్నె తుడిచి తిని, అప్పుడన్నాడు: "ఐదో దానికి మూల వదిలేశావు."

"అంతేనా నువ్వనేది?"

"ఇంకేం అనాలి?"

ఆ సాయంత్రం నిప్పు రాజేస్తే వేడికి రంగంతా బొబ్బలెక్కి పెచ్చులూడింది. మర్నాడే థెల్మా ఆర్నాల్డ్ బెబ్‌కి ఫోన్ చేసింది. బెబ్ ఇప్పుడు ఊళ్లో పేరున్న తాపీమేస్త్రీ. ఒకప్పుడు పని నేర్చుకున్నది డెస్ దగ్గరే. వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, వేలి కణుపులతో ఇటుకల్ని తట్టి చూశాడు.

"లోపలంతా చెమ్మ. పాత రాతిగోడకి ఆనించి సిమెంటుతో కట్టారు, అందుకని తడి బయటికి పోవడానికి దారి లేదు. దీనికి ఏ రంగేసినా నిలవదు థెల్మా. పైన పూత పూసినా రెండేళ్లే. కుదురుగా ఉండాలంటే విప్పి, సున్నంతో మళ్లీ కట్టాలి. అయితే ఒకటి, నేను మాత్రం దీనిమీద సుత్తి వెయ్యను. నాకు పని నేర్పిన చేతులు కట్టింది ఇది."

"పీకెయ్," అన్నాడు డెస్, కిటికీ వైపు నుంచే.

ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"పీకెయ్ అంటున్నా. అదంటే నాకు అసహ్యం. నలభై ఒక్క ఏళ్లుగా అసహ్యమే."

థెల్మా అతని కుర్చీ ముందుకొచ్చి నిలబడింది. "ఏంటి డెస్ నువ్వనేది?"

"ఆ ఏడు క్రిస్మస్‌కి మీ అమ్మ వస్తోందన్నావు. అప్పటికి పాత గూడు కూలిపోయి ఉంది. మూడు రోజుల్లో లేపేశా. నిటారుగా ఉందో లేదో గుండుదారం కూడా వేలాడదీసి చూసుకోలేదు. మంచు కురుస్తోంది, సున్నం ఆరదని సిమెంటు పెట్టేశా. ఇరవై మూడో తారీఖుకే ఆ పొట్ట కనిపించింది నాకు."

"కనిపిస్తే విప్పి మళ్లీ కట్టొచ్చుగా?"

"ఎలా విప్పను? మీ అమ్మ వచ్చి బాగుందంది. ఆవిడ నన్ను మెచ్చుకున్నది జన్మలో ఆ ఒక్కసారే. నువ్వూ బాగుందన్నావు."

"నీ మొహం చూసి అన్నాన్రా బాబూ! కొత్తగా పెళ్లయినదాన్ని, ఇంకేమంటాను? మరి రోజంతా ఆ కిటికీ వైపే కూర్చుంటావు, పిట్టల్ని చూడ్డానికనుకున్నా ఇన్నాళ్లూ!"

"పిట్టలెవడికి కావాలి?"

బెబ్ మెల్లగా లేచాడు. "నేనెళ్లి టీ పెట్టుకుంటా," అని వంటగదిలోకి జారుకున్నాడు. అక్కణ్నుంచి అతని నవ్వు వినబడుతూనే ఉంది. థెల్మాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్క మాటతో పోయేదాన్ని ఇద్దరూ ఇన్నేళ్లు మోశారన్న ఉక్రోషం సాయంత్రం దాకా తగ్గలేదు.

పని నేర్పిన మేస్త్రీయే అనుమతిచ్చాడు కనుక బెబ్ రెండు రోజుల్లో మొత్తం విప్పేశాడు. తిరిగి కట్టడం మాత్రం ఏప్రిల్‌లోనే అన్నాడు. కొండ మీద ఎవరిదో పశువుల కొట్టం ఒప్పుకుని ఉన్నాడు. గోడలో నల్లటి కన్నం మిగిలింది. చెక్కపలక అడ్డం పెట్టినా పొగగొట్టంలోంచి గాలి ఈలలు వేస్తూ వచ్చి కాళ్లను కొరికేది. థెల్మా పెరటి కొట్టులో కూర్చుని ఇటుకలకు అంటిన సిమెంటును ఉలితో గీకింది. మంచులో పెట్టిన సిమెంటు కావడంతో అది గట్టిపడలేదు, కొడితే ఊడొచ్చేది. వారంలో మూడొందల డెబ్బై ఇటుకలు శుభ్రం చేసింది. పొడి అవుతున్నవి పక్కన పడేసింది. ఆ తర్వాత చేతికి మళ్లీ పనిలేదు.

"ఏప్రిల్ దాకా ఎవరు కూర్చుంటారు?" అంది. "నేను కడతా. నువ్వు చెప్పు."

"నువ్వా?"

"నేనే. నాకు చేతులున్నాయి, నీకు నోరుంది."

డెస్ పాత పనిముట్ల సంచిలోంచి తాపీ, మట్టం చూసే రసమట్టం, గుండుదారం బయటికొచ్చాయి. మొదటి వరస పెట్టడానికి ఒక పూటంతా పట్టింది. డెస్ వెనకాల కుర్చీ వేసుకుని ఒకటే అరుపులు.

"అది తాపీ! రొట్టెకి వెన్న రాసుకునే కత్తి కాదు. ఉత్తరాలు పెట్టెలో పడేసినట్టు పడెయ్యకు, ఇటుకని కూర్చోబెట్టు!"

"కూర్చోమనే చెప్తున్నా, వినట్లేదది!"

అతను ఒక్కోసారి కళ్లు మూసుకునేవాడు. తాపీ గీసుకునే చప్పుడు విని, "సున్నం ఎక్కువైంది," అనేవాడు. చూస్తే ఎక్కువయ్యే ఉండేది. అది థెల్మాకు ఒళ్లుమంట. మూడో వరస మూడుసార్లు విప్పించాడు. నాలుగోసారి విప్పమనగానే ఆమె తాపీని నేలకు కొట్టి, కోటు వేసుకుని, మంచువాన జల్లులో బయటికి నడిచేసింది. చర్చి, గొర్రెల దొడ్లు, పాలవాళ్ల ఇల్లు. ఉత్తరాలు లేకపోయినా ఆ దారంతా తిరిగి, బూట్లు నీళ్లోడుతుంటే రెండింటికి ఇల్లు చేరింది.

డెస్ నేలమీద ఉన్నాడు. వేళ్లకు పట్టు లేదు కనుక రెండు అరచేతుల మధ్యా ఒక్కో ఇటుకనూ నొక్కి పట్టి, ఆ పాడైపోయిన వరసంతా తనే విప్పేశాడు. వాటిని చక్కగా పేర్చి, తడిగుడ్డతో తుడిచి పెట్టాడు. అరచేతులు గీరుకుపోయి ఎర్రబడ్డాయి. ఆ పనికి అతనికి మూడు గంటలు పట్టి ఉంటుంది.

"కాళ్లు ఆరబెట్టుకో," అన్నాడు. "ఇందాక వరస తిన్నగా రావడానికి కట్టే దారం నేనే తప్పు కట్టించా. తప్పు నీది కాదు."

ఆమె మేజోళ్లు మార్చుకుని, అతన్ని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, తాపీ అందుకుంది.

ఫిబ్రవరి చివరికి పని పూర్తయింది. గూడు మునుపటికంటే కురచగా వచ్చింది. లేత సున్నం గీతల మధ్య అవే ఇటుకలు ఇంకాస్త తేరుకున్నట్టు కనిపించాయి. దానికి రంగు వెయ్యాలా వద్దా అన్న మాట ఎవరూ ఎత్తలేదు. బెబ్ వచ్చి రసమట్టం అడ్డంగా, నిలువుగా ఆనించి చూశాడు.

"మేస్త్రీ, ఈ నాలుగో వరస నా చేతి పనికంటే బాగుంది."

"నీదెప్పుడు బాగుంది కనక?" అన్నాడు డెస్.

సున్నం ఆరాక, మార్చి మధ్యలో మొదటి నిప్పు వేశారు. ముందు గదంతా పొగ కమ్మి ఇద్దరూ దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తారు. గొట్టం వేడెక్కాక పొగ దారిలో పడి పైకెళ్లింది. రోజలిండ్ వచ్చి, ఇప్పటికైనా తెల్ల రంగు కొడితే బాగుండేదని అంటూనే, మంట పక్కనుంచి రెండు గంటలు కదల్లేదు.

థెల్మా కుదురు రెండు రోజులే. మూడో రోజుకి మళ్లీ వంటగదిలో పచార్లు. ఆ వారమే, చలికి పగిలి కూలిపోయిన తోట గోడ గురించి వీధి చివర ఉండే గెథిన్ అనే ఆవిడ బెబ్‌ని వెతుక్కుంటూ వచ్చింది. బెబ్ ఇంకా కొట్టం పనిలోనే ఉన్నాడు. థెల్మా అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది.

వేసవికల్లా మూడు గోడలు నిలబెట్టింది. నాలుగోది సారాకొట్టు వెనకాల మొదలైంది. పక్కన మడత కుర్చీలో డెస్, ఒళ్లో టీ ఫ్లాస్కు. దారినపోయే పాలాయన బండి ఆపి, "ఉద్యోగం మానేశానన్నావు కదా థెల్మా?" అని అడిగాడు.

"మానేశాను. కాస్త పక్కకి జరుగు, దారానికి అడ్డొస్తున్నావు."