తాడు తెగినా ఆగని సైకిల్

ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి, నాకు తెలిసిన సైన్సంతా మరమగ్గం దగ్గర నేర్చుకున్నదే. అదీ తప్పుగానే నేర్చుకున్నాను. మొన్న మా బిడ్డ సైకిల్ గొలుసుకు నూనె వేస్తుంటే, ఆ వాసనకు సిరిసిల్లలో మా బాపు నడిపిన సాంచా గుర్తొచ్చింది. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. నేస్తుండగా అడ్డంగా వచ్చే పేక పోగు తెగితే అది దానంతటదే ఆగిపోతుంది.

నాకు సైకిల్ నేర్పేటప్పుడు బాపు క్యారియర్‌కు నూలు తాడు కట్టి, కొస పట్టుకుని వెనకాలే ఉరికేవాడు. దూడను తోలుతున్నట్టుందని వాడకట్టు పిల్లలు నవ్వేవారు.

"ఇడువు బాపు, నేనే తొక్కుత."

"ఇడువ. నువ్వు పడితే మీ అమ్మ నన్ను తంతది."

మర్నాడు బాపు చూడకుండా తాడును బ్లేడుతో ముప్పావు వంతు కోసిపెట్టాను. తాడు తెగగానే సైకిల్ సాంచాలాగే ఆగుతుంది, దర్జాగా దిగి ఒక్కణ్నే మళ్లీ ఎక్కుదామనుకున్నాను. తాడు తెగింది. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అనుకుంటూ బ్రేకు వేయకుండా వెళ్లి గోడకు గుద్దుకున్నాను.

మోకాలు చీరుకుపోయినా ఏడవలేదు. "ఇగ తాడు కడితే సైకిలే ఎక్క" అన్నాను. బాపు కోసిన కొసను చూశాడు. తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అందుకు ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

ఇదంతా మా బిడ్డకు సైకిల్ నేర్పుతూ చెప్పాను, దాని క్యారియర్‌ను గట్టిగా పట్టుకునే.

"నువ్వు దొంగతనంగ కోసినవ్ డాడీ. నేను మొకం మీదనే అడుగుతున్న. ఇడువు" అంది.