పొయ్యిగట్టు ఎత్తుకెళ్ళిన తోడల్లుడు

పెద్దల్లుడుగారికి ఉన్న జబ్బు ఒక్కటే: అసూయ. లోలోపల కుళ్ళుకునే రకం కాదు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే బయటపెట్టేసే రకం. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపూ సరిచేస్తాడు గానీ, తన చూపు మాత్రం ఎప్పుడూ పక్కింటి తోడల్లుడి మీదే.

ఆ తోడల్లుడు దర్జీ. పాపం, ఆయనకి ప్రశాంతంగా జ్వరం తెచ్చుకునే యోగం కూడా లేదు.

"ఎంతుంది తమ్ముడూ?"

"నూట మూడు అన్నయ్యా."

"నూట మూడే! నాకెప్పుడొచ్చినా వంద దాటి చావదు. దేనికైనా పెట్టిపుట్టాలి."

ఒకసారి దర్జీకి కాలు బెణికితే, చేతికర్ర మీది నగిషీ చూసి పెద్దల్లుడు వారం పాటు మాట మానేశాడు.

అలాంటి మనిషి పక్కనుండగా దర్జీ గోడలు పగలగొట్టించడం మొదలుపెట్టాడు. ఆయనది నాలుగు వాటాల మేడ. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయారు; అద్దెల మేడకి వేసే భారీ పన్ను మాత్రం వెళ్ళలేదు. వాటాలు రెండుకి తగ్గిస్తే సొంత కాపురం లెక్కలోకొచ్చి పన్ను సగానికి పడిపోతుంది. పడకపోతే మేడ అమ్ముకోవడమే. అందుకని కింద రెండూ కలిపి ఒకటి, పైన రెండూ కలిపి ఒకటి చేయించాడు.

పెద్దల్లుడు రోజూ వచ్చి ఇటుకల కుప్ప మీద కూర్చునేవాడు.

"నీకు గోడలూ తగ్గె, పన్నూ తగ్గె. నా నాలుగు వాటాల్లో ఒక్కడైనా ఖాళీ చేస్తాడా?"

"అద్దెలొస్తున్నాయిగా బావగారూ!" అంది దర్జీ భార్య.

"వస్తే? పగలగొట్టుకోవడానికి ఒక్క గోడైనా ఉందా నాకు?"

పై వాటాలో రెండో వంటిల్లు మాత్రం దర్జీ ఉంచేశాడు. వంటకి కాదు. ఆ పొయ్యిగట్టు సరిగ్గా నడుమెత్తున ఉంది. గుడ్డ పరిచి కత్తిరిస్తే నడుం నొప్పి ఊసే లేదు. పెద్దల్లుడు ఆ నల్లరాయిని నిమిరి, నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

పన్ను అధికారి వచ్చే రోజు పొద్దున్నే పెద్దల్లుడు ఇద్దరు మేస్త్రీలతో దిగబడ్డాడు.

"ఆ గట్టు నాకు కావాలి."

"అన్నయ్యా, ఇవాళా?"

"ఇవాళే. నాకు లేనిది నీకుంటే ముద్ద దిగడం లేదు."

దర్జీ మొహం కందగడ్డయింది. భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇచ్చెయ్యండీ, దిష్టయినా పోతుంది." గట్టు, తొట్టి, కుళాయి అన్నీ ఊడబెరికి, గొట్టానికి బిరడా కొట్టి మరీ పట్టుకుపోయాడు మహానుభావుడు.

అధికారి వచ్చి గదులన్నీ చూశాడు. బోసిపోయిన గోడ దగ్గర ఆగాడు.

"ఇక్కడి వంటిల్లు తీసేశారా? మంచి పని చేశారు. మేం తలుపులు లెక్కపెట్టం, వంటిళ్ళు లెక్కపెడతాం. ఇది ఉండుంటే మూడు వాటాలని రాసేవాణ్ణి. పన్ను పైసా తగ్గేది కాదు."

ఆయన వీధి మలుపు తిరగ్గానే దర్జీ పక్కింటికి పరిగెత్తాడు. వసారాలో పెద్దల్లుడు వడ్రంగి చేత ఆ రాతికి కాళ్ళు బిగింపిస్తున్నాడు.

"మీకు ముందే తెలుసా అన్నయ్యా?"

"తెలియకేం? నీకు పన్నెలా తగ్గుతుందా అని కడుపు మండి ఆఫీసుకెళ్ళి కనుక్కున్నా."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే మంచివాణ్ణనుకుంటావ్. ఇన్నేళ్ళు ఏడ్చి సంపాదించుకున్న పేరు ఏం కావాలి? ఇదుగో, గోడకుంటే పొయ్యిగట్టు, కాళ్ళుంటే బల్ల. పట్టుకెళ్ళి గుడ్డలు కత్తిరించుకో."

దర్జీ రెండు చేతులూ జోడించాడు.

పెద్దల్లుడు ఆయన్ని ఎగాదిగా చూసి భారంగా నిట్టూర్చాడు.

"నీ అదృష్టం చూస్తే ఒళ్ళు మండుతోందయ్యా! నీకు దొరికిన తోడల్లుణ్ణి చూడు, నాకు దొరికినవాణ్ణి చూడు!"